బిందె మీది అక్షరం

మొన్న ఆదివారం అటక దులిపిస్తుంటే అమ్మమ్మ ఇత్తడి బిందె బయటపడింది. చింతపండు పెట్టి తోమేసరికి అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు తేలాయి. అమ్మమ్మ పేరు, దాని ముందు "కా" అని ఒక్క అక్షరం. తాతయ్య ఇంటిపేరు "కా"తో మొదలవదు. అంటే పుట్టింటివాళ్ళు సారెలో పెట్టిన బిందె అన్నమాట.

"అమ్మా, ఈ 'కా' అంటే ఏమిటే?" అన్నాను.

కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్న అమ్మ తలెత్తింది. "మా అమ్మ పుట్టింటి పేరే. కాజ... కాదు, కాకర్ల... ఉహూఁ. ఏదో ఊరి పేరే." కాసేపు ఆలోచించింది. "మా మేనమామ ఉంటే చెప్పేవాడు," అని మళ్ళీ వంకాయల మీదికి వంగింది. కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదనుకుంది.

ఏదో ఊరి పేరే అన్నమాట మాత్రం నిజం. పల్లి, పూడి, పాడు, ఊరు అని ముగిసే మన ఇంటిపేర్లన్నీ దాదాపు ఊళ్ళే కదండీ! ఊరు విడిచినవాళ్ళు పొలాన్ని మోసుకుపోలేరు, పేరు మోసుకుపోయారు. త్యాగయ్యగారు 1767లో పుట్టింది తమిళదేశంలోని తిరువారూరులో. కానీ ఆయన ఇంటిపేరు మాత్రం ఎక్కడో కంభం వైపున్న కాకర్ల. 1888లో తిరుత్తణి దగ్గర పుట్టిన రాధాకృష్ణన్ గారి పేరు ముందు నెల్లూరు దగ్గరి సర్వేపల్లి నిలిచే ఉంది.

ఇది మన ఒక్కళ్ళ గొప్పే అనుకునేదాన్ని. స్పెయిన్ ఉత్తరపు కొసన బాస్కులనే జనం ఉన్నారు. వాళ్ళ ఇంటిపేర్లు చాలావరకు నిజంగా ఇళ్ళ పేర్లూ, ఊళ్ళ పేర్లూనట. మన పిల్లల కాన్వెంట్లకి పేరిచ్చిన సెయింట్ జేవియర్ ఉన్నారే, ఆయన పుట్టిన కోట పేరే ఆ "జేవియర్". బాస్కు మాటలో దాని మూలార్థం కొత్త ఇల్లు. మన కొత్తపల్లి వారికి వేలువిడిచిన చుట్టమన్నమాట! అది చదివి నవ్వుకున్నాను గానీ, అసూయపడింది ఇంకో సంగతికి. ఆ దేశంలో పెళ్ళయినా ఆడది ఇంటిపేరు మార్చుకోదు. పిల్లల పేరు వెనక తండ్రిదీ తల్లిదీ రెండూ ఉంటాయి.

మరి మన దగ్గరో? 1901లో "అబలా సచ్చరిత్ర రత్నమాల" వెలువరించిన భండారు అచ్చమాంబగారిని తలుచుకోండి. ఎందరో స్త్రీల చరిత్రలు వెతికి వెతికి రాసిన మనిషి. కొమర్రాజు లక్ష్మణరావుగారికి స్వయానా అక్కగారు. తమ్ముణ్ణి తన ఇంట్లో ఉంచుకుని చదివించింది కూడా. కానీ భండారు ఒకచోటా కొమర్రాజు ఒకచోటా కనిపిస్తే, వీళ్ళిద్దరూ ఒక తల్లి బిడ్డలని ఎవరికి తడుతుంది?

అంతటివారి మాట ఎందుకు, నా సంగతే చెబుతాను. నా మొదటి కథ మా నాన్న ఇంటిపేరుతో అచ్చయింది. నవలలన్నీ ఈ ఇంటిపేరుతో వచ్చాయి. ఒక సభలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ పేరే ఉన్న ఇంకో ఆవిడ మంచి కథ రాసిందండీ. పాపం, తరవాత మానేసినట్టుంది," అంది. అవునండీ, పెళ్ళయిపోయిందని చెప్పాను.

మా వెంగళరావు నగర్ కూడా ఇంటిపేరు జారవిడుచుకున్నదే. 1973 నుంచి 1978 దాకా ముఖ్యమంత్రిగా చేసిన జలగం వెంగళరావుగారి పేరిది. కాలనీ పేరులో "జలగం" లేకపోతేనేం, బంజారాహిల్స్ పార్కు పేరులో ఉంది, పుస్తకాల్లో ఉంది. మా అమ్మమ్మ "కా" కోసం నేను ఏ పుస్తకం తియ్యను? పెళ్ళి శుభలేఖ లేదు, పొలం కాగితాల్లో ఆవిడ పేరే లేదు. బిందె ఒక్కటే ఉంది.

మా అమ్మాయికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. గది తీసుకుంది. నాలుగు స్టీలు గిన్నెలు కొని, పేరు వేయిద్దామని కృష్ణానగర్‌లో ఒక కొట్టుకి వెళ్ళాను. కాగితం మీద వాళ్ళ నాన్న ఇంటిపేరు, మా నాన్న ఇంటిపేరు, అమ్మ పుట్టింటి పేరు, చివర "కా" రాసి, ఆ తరవాత పిల్ల పేరు రాశాను.

ఆ అబ్బాయి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇన్ని అక్షరాలు గిన్నె మీద పట్టవమ్మా. ఏదైనా పెద్దది తెచ్చుకోండి."

గిన్నెలు అక్కడే పెట్టి, బిందె కోసం ఇంటికి ఆటో ఎక్కాను.