రాజా నీళ్ళు తాగలేదు

మా మావయ్య రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేస్తాడు. ఆయనకో గుర్రం ఉంది, పేరు రాజా. అరటికీ గుర్రానికీ సంబంధం ఏంటని నన్నడక్కండి, మా అత్తయ్య నాలుగేళ్ళుగా అదే అడుగుతోంది. పెళ్ళి ఊరేగింపులకి పంపిస్తే దాణా ఖర్చు వచ్చేస్తుందని కొన్నాడట. మిగతా రోజుల్లో పొద్దున్నే గౌతమి గట్టు మీద పరిగెత్తిస్తాడు.

మొన్న శివరాత్రి దాటాక ఫోన్ చేశాడు. "ఏరా అల్లుడూ, అనకాపల్లి దగ్గర తీర్థంలో గుర్రప్పందెం పెడుతున్నారు. మనోణ్ణి తీసుకెళ్తున్నాం. నువ్వు వెనకాల కూర్చోవాలి." పొలం బాటలో రెండు రౌండ్లు, మొత్తం 6 కిలోమీటర్లు. రాజాకి అదే మొదటి పందెం. నాకు సెమ్ సెలవులు. ఎగిరి గంతేశాను.

పందెం గురించి చాలా ఊహించుకున్నాను గానీ ప్రయాణం గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బండి అంటే గెలలు తోలే బొలేరోనే. ముందు ఎండు అరటాకులు పరిచాం. రాజా ముందు కాలు పెట్టగానే సర్రున జారింది, ఇక ఎక్కనని మొండికేశాడు. అప్పుడు ఆకులన్నీ తీసేసి, ఇసక పోసి, దాని మీద వరిగడ్డి వేసి, బండిని రివర్సులో గట్టుకి ఆనించి నిలబెట్టారు. గట్టూ బండి తొట్టీ ఒకే ఎత్తుకొచ్చాక, ఏదో తన ఇంట్లోకి వెళ్తున్నట్టు నడిచి ఎక్కేశాడు.

ఎండ తగలకూడదని రాత్రి పదకొండింటికి బయల్దేరాం. దాదాపు 180 కిలోమీటర్లు. జొన్నాడ బ్రిడ్జి దాటి హైవే ఎక్కాక నాకర్థమైంది, గుర్రం బండిలో "ప్రయాణం చేయదు", పని చేస్తుంది. బ్రేకు వేసినప్పుడల్లా నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి బరువు సర్దుకుంటుంది. కిక్కిరిసిన బస్సులో మనం నిలబడి వెళ్ళినట్టే, కాకపోతే కమ్మీ పట్టుకోడానికి దానికి చేతుల్లేవు. అన్నవరం దగ్గర టీకి ఆగినప్పుడు బకెట్టుతో నీళ్ళు పెట్టాను. వాసన చూసి ముఖం తిప్పేసుకున్నాడు. తునిలో కూడా అంతే. "కొత్త నీళ్ళు కదరా, దిగాక తాగుతాడులే" అన్నాడు మావయ్య.

దిగాక కూడా తాగలేదు.

తెల్లారి చింతచెట్టు కింద కట్టేశాం. పందెం పదింటికి. స్వారీ చేసే కుర్రాడు తయారవుతున్నాడు. మా ఊరి నుంచి ఇంకో బండిలో పదిమంది దిగిపోయారు, వీడియోలు మొదలెట్టేశారు. నేనేమో ఫోన్లో "గుర్రం నీళ్ళు తాగట్లేదు" అని వెతుకుతూ ఎటో వెళ్ళి "ఎండ్యూరెన్స్ రైడ్" అనే పోటీ దగ్గర తేలాను. ఛాంపియన్‌షిప్ స్థాయిలో ఒకే రోజు 160 కిలోమీటర్లట! కాలిఫోర్నియా కొండల్లో టెవిస్ కప్ అని 1955లో మొదలైంది, 24 గంటల్లో 100 మైళ్ళు. మన కేరళ అమ్మాయి నిదా అంజుమ్ 2023లో ఫ్రాన్స్‌లో 120 కిలోమీటర్లు పూర్తి చేసింది. అంతకన్నా నన్ను ఆపేసింది ఆ పోటీ రూలు. ఒక్కో దశ అయ్యాక పశువుల డాక్టర్లు చూస్తారు. ఇచ్చిన గడువులోగా గుండె వేగం నిమిషానికి 64కి దిగకపోతే గుర్రం పోటీలోంచి బయటే. కుంటినా బయటే. చివరి గీత దాటాక కూడా ఆ పరీక్ష పాసైతేనే పూర్తి చేసినట్టు.

విశ్రాంతిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలట. రాజా ఎడమ మోచేతి వెనకాల అరచెయ్యి ఆనించి, స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టాను. పదిహేను సెకన్లకి 15. అంటే 60. బండి దిగి అప్పటికి మూడు గంటలైంది. మెడ దగ్గర చర్మం పట్టుకుని వదిలితే మెల్లిగా సర్దుకుంటోంది, అది ఒంట్లో నీళ్ళు తగ్గిన గుర్తు.

ఇదంతా ఇంగ్లీషులో చదివాను కదా, మావయ్యకి తెలుగులో చెప్పడానికి నానా తిప్పలు పడ్డాను. "డీహైడ్రేషన్" అంటే ఆయనకి తెలుసు, నేనే అనవసరంగా "నిర్జలీకరణం" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "నీ ఫోన్లో గుర్రాలూ మన గుర్రం ఒకటేనా?" అన్నాడాయన. ఇంకొకాయన, "ఆయ్, ఇంత దూరం వచ్చి చూసి పోతామా అండి?" అని తగులుకున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "పోనీ నువ్వే లెక్కపెట్టు మావయ్యా" అని ఆయన చెయ్యి లాగి రాజా పక్కటెముకల మీద పెట్టాను.

ఆయన కళ్ళు మూసుకుని లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత ఎవరితోనూ ఏమీ అనకుండా జీను పట్టీ విప్పేశాడు.

ఎంట్రీ వెయ్యి రూపాయలు వెనక్కి రాలేదు. మా ఊరి బండి వాళ్ళు కాసేపు సణిగి, జీళ్ళు కొనుక్కోడానికి వెళ్ళిపోయారు. మైకులో రాజా పేరు పిలిచి, రాలేదని చెప్పి, తర్వాతి గుర్రం పేరు చదివారు. అది వింటున్నప్పుడు మావయ్య ముఖం నేను చూడలేదు, చూడలేకపోయాను. నేను లెక్క తప్పానేమో అన్న భయం ఇంకా పోలేదు.

మధ్యాహ్నం ఆయనే ఎక్కడికో వెళ్ళి బెల్లం ముక్క పట్టుకొచ్చాడు. అనకాపల్లిలో బెల్లానికి కరువా! బకెట్టు నీళ్ళలో కరిగించి పెడితే రాజా వాసన చూశాడు, పెదవి తడిపాడు, ఇక తల ఎత్తలేదు. సగం బకెట్టు అయ్యాక మావయ్య నావైపు తిరిగి, "ఇప్పుడెంతుందో చూడరా" అన్నాడు. 48.

తిరుగు ప్రయాణంలో తల దించుకునేలా తాడు వదులుగా కట్టాం. తల ఎత్తే ఉంచితే దుమ్మూ చీమిడీ ఊపిరితిత్తుల్లోకి దిగుతాయని అప్పటికి అదీ చదివేశాను.

వచ్చే ఏడు మళ్ళీ వెళ్తాడట. అందుకని ఇప్పట్నుంచే రోజూ సాయంత్రం రాజా బకెట్టులో చిన్న బెల్లం ముక్క వేస్తున్నాడు, ఎక్కడి నీళ్ళైనా అదే రుచి ఉండాలని. డబ్బాలో బెల్లం ఎలా అయిపోతోందో అత్తయ్యకి ఇంకా తెలీదు.