పద్యనాటకం డీవీడీ – కత్తెర పట్టే ముందు

పదచ్ఛేదం తెలియక ప్రతిపదార్థం చెప్పబూనితే ఏమవుతుందో తెలుగు చదువుకున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. డీవీడీలోని దృశ్యాన్ని నేరుగా ఎడిటింగు సాఫ్ట్‌వేరులోకి తెచ్చి కోయబూనడమూ అటువంటిదే.

2007లో మా నందివాడలో తిరుపతి వేంకట కవుల రాయబార ఘట్టం ఆడారు. వీడియో తీసినవారు అసలు టేపును చెరిపి మరో పెళ్ళికి వాడుకోవడంతో ఆ నాటకం ఒక్క డీవీడీలోనే మిగిలింది. కృష్ణపాత్ర ధరించిన నా మిత్రుడు ఇప్పుడు లేడు. తాతగారి పద్యాలు విడివిడిగా కావాలని ఆయన మనుమరాలు అడిగింది.

డిస్కు తెరిస్తే వీడియో_టీఎస్ అనే సంచి కనిపిస్తుంది. అందులో ఐఎఫ్ఓ దస్త్రాలు విషయసూచిక వంటివి. బీయూపీలు వాటి నకళ్ళు. బొమ్మా ధ్వనీ ఉండేది వీఓబీలలో. ఒక్కొక్క వీఓబీ 1 జీబీకి మించరాదని నియమం. కనుక నాటకం ముక్కలవుతుంది గాని, ఆ ముక్కలు అంకాలూ కావు, రంగాలూ కావు. మా డిస్కులో మొదటి ముక్క సరిగ్గా మిత్రుని రాగాలాపన నడుమ తెగింది. రెండు ముక్కలనూ వేరువేరుగా తెచ్చి పక్కపక్కన పేరిస్తే, అతుకు దగ్గర ధ్వని చిట్లి రాగం విరగవచ్చు.

అందుచేత మొదట డిస్కు మొత్తానికి ఐఎస్ఓ ప్రతి తీయాలి. రాసుకునే డిస్కులలో సమాచారాన్ని మోసేది ఒక రంగుపొర; వేడికీ వెలుతురుకూ అది క్షీణిస్తుంది. డిస్కు మొరాయిస్తే డీడీరెస్క్యూ పదేపదే ప్రయత్నించి చదవగలిగినంతా చదువుతుంది. పిమ్మట మేక్‌ఎంకేవీతో ముక్కలన్నిటినీ ఒకే దస్త్రంగా కూర్చుకోవాలి. ఇందులో పెట్టె మారుతుందే గాని సరుకు మారదు.

డీవీడీలోని ఎంపెగ్-2 పద్ధతిలో సాధారణంగా పన్నెండు, పదిహేను చట్రాలకు ఒక్కటే సంపూర్ణ చిత్రం. తక్కినవి అన్వయం కోసం ముందు వెనుకలు చూసే పదాల వంటివి. కోరినచోట తేలికగా కోయాలంటే ప్రతి చట్రమూ స్వతంత్రంగా నిలిచే ప్రోరెస్‌లోకి మార్చుకోవడం మేలు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆ పని చేస్తుంది. దస్త్రం అనేక రెట్లు పెరుగుతుంది, జడియనక్కరలేదు.

మన పాల్ పద్ధతిలో సెకనుకు 25 చట్రాలు. వీడియో కెమెరాతో తీసినవాటిలో తరచుగా ఒక్కో చట్రం సరి, బేసి గీతల రెండు అర్ధచిత్రాల కలయిక. కృష్ణుడు చేయి విసిరితే కంప్యూటరు తెరపై దువ్వెనపళ్ళు కనిపించేది అందువల్లనే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని బీడబ్ల్యూడీఐఎఫ్ వడపోతతో వాటిని సెకనుకు 50 పూర్తి చట్రాలుగా మారిస్తే కదలిక నునుపు చెడదు. ఇంకొక్క మాట: 720×576 చుక్కలు చతురస్రాలు కావు. 4:3 నిష్పత్తి అని సాఫ్ట్‌వేరుకు చెప్పకపోతే మనిషి కాస్త సన్నబడతాడు.

ఇంత తతంగం దేనికని కొందరు అడగవచ్చు. మా మచిలీపట్నంలో కొంతకాలం ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ దొర వేమన పద్యాల ప్రతులెన్నో సేకరించి, లేఖకులచేత కొత్త ప్రతులు రాయించి, పాఠాలు పోల్చి చూసి, 1829లో అచ్చు వేయించాడు. పరిష్కరణకు మొదటి సూత్రం మాతృకను కాపాడుకోవడం. మన దిద్దుబాటు ఎంత చక్కనిదైనా అది ఒక పాఠం మాత్రమే.

మనుమరాలికి పద్యాలతో పాటు ఆ ఐఎస్ఓ ప్రతినీ ఇచ్చాను. నేను కోసిన చోట్లు నచ్చకపోతే రేపు ఆమె మళ్ళీ కోసుకోవచ్చు.