విండోస్ 7 లాప్‌టాప్‌లో పైథాన్ ఎక్కించిన సంగతి

కొంచెం పెద్ద పోస్టు ఇది, ఓపిగ్గా చదవండి. మన హాస్టళ్ళలో పాత లాప్‌టాప్‌లతో నెట్టుకొస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చాలామంది ఉన్నారు, ముఖ్యంగా వాళ్ళ కోసం రాస్తున్నా.

నా దగ్గరున్నది ఒక సీనియర్ అన్న డిగ్రీ అయిపోయి వెళ్తూ ఇచ్చిన లాప్‌టాప్. 2 జీబీ ర్యామ్, 32 బిట్, విండోస్ 7. బ్యాటరీ ఎప్పుడో పోయింది, చార్జర్ పీకితే ఆగిపోతుంది. రూమ్‌లో నలుగురం దాన్నే వాడతాం. ఈ సెమిస్టర్‌లో మాకు పైథాన్ ల్యాబ్ ఉంది. కాలేజీలో ఒక్కో సిస్టమ్ దగ్గర ముగ్గురం కూర్చుంటాం. కీబోర్డు మన చేతికొచ్చేసరికి బెల్ కొట్టేస్తారు. కాబట్టి రూమ్‌లో ప్రాక్టీస్ చెయ్యకపోతే ఎగ్జామ్ రోజు చేతులు వణకడం ఖాయం.

పైథాన్ సైట్‌లో పెద్దగా కనిపించే బటన్ నొక్కితే అన్నిటికన్నా కొత్త వెర్షన్ వస్తుంది. అది దీంట్లో ఎక్కనంది. టౌన్‌లో రిపేర్ షాపుకి పట్టుకెళ్తే ఆయన మూత కూడా తెరవలేదు. "దీనికి సపోర్ట్ లేదు బాబూ, కొత్తది కొనుక్కో" అన్నాడు.

ఇంటికి ఫోన్ చేసి ఈ మాట చెప్తే అయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కాఫీ మీద షావుకారు దగ్గర ముందే తీసుకుంటాలేరా" అన్నాడు. పాడేరు వైపు కాఫీ తోటలున్నవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పండు ఎర్రబడకముందే డబ్బు తీసుకుంటే, కోతయ్యాక రేటు మనం చెప్పేది కాదు, ఆయన చెప్పేది. "వద్దయ్యా, పది రోజులు ఆగు" అన్నాను. ఆ పది రోజుల్లో ఏం చెయ్యాలో అప్పటికి నాకూ తెలీదు.

మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కడినే. అడగడానికి ఎవరూ లేరు. అందుకని స్క్రీన్ మీద వచ్చిన ప్రతి మెసేజ్‌నీ నోట్‌బుక్‌లో రాసుకుని, ఒక్కో ఇంగ్లిష్ మాటకీ అర్థం వెతికాను. నిజం చెప్పాలంటే ఎర్రర్ మెసేజ్ అంత భయపెట్టేదేం కాదు. స్కాలర్‌షిప్ సైట్‌లో వచ్చే 'అర్హత లేదు' కన్నా నయం, కనీసం ఎందుకు లేదో చెప్తుంది.

పైథాన్ సైట్‌లోనే, డౌన్‌లోడ్ లిస్టులో చిన్న అక్షరాలతో ఉంది: 3.9 నుంచి పైవి విండోస్ 7లో గానీ అంతకన్నా పాతదాంట్లో గానీ పనిచెయ్యవు అని. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపింది 2020 జనవరి 14న. అదే ఏడాది అక్టోబర్‌లో 3.9 వచ్చింది. అప్పుడర్థమైంది నాకు. మా ఊరికి బస్సు కింద జంక్షన్ దాకే వస్తుంది. అంతమాత్రాన పైన ఊరు లేనట్టా? అక్కడి నుంచి కండక్టర్‌కి బాధ్యత లేదు, అంతే. మరి ఈ లాప్‌టాప్‌కి ఆఖరి స్టాపు ఏదో తెలుసుకోవాలి.

ఆఖరి స్టాపు 3.8. అందులోనూ చూసుకోవాలి. చివర్లో వచ్చిన 3.8 వెర్షన్లకి విండోస్ ఇన్‌స్టాలర్ ఇవ్వలేదు, సోర్స్ కోడ్ మాత్రమే ఇచ్చారు. ఇన్‌స్టాలర్ ఉన్నవాటిలో చివరిది 3.8.10, 2021 మే నెలది. 30 ఎంబీ లోపే ఉంటుంది, రోజువారీ డేటాలో దిగిపోతుంది. 32 బిట్‌దే తీసుకోండి, నాలాంటి లాప్‌టాప్ అయితే.

అదీ ఒక్క దెబ్బకి ఎక్కలేదు. విండోస్ 7లో సర్వీస్ ప్యాక్ 1 ఉండాలి, నాకుంది. దానిమీద కేబీ2533623 అనే అప్‌డేట్ కూడా ఉండాలంటుంది. దాని పాత లింకు దొరకలేదు. దాని బదులు తర్వాత వచ్చిన కేబీ3063858 వేస్తే సరిపోయింది. రీస్టార్ట్ చేసి, మళ్ళీ ఇన్‌స్టాలర్ తెరిచి, కింద పాత్‌లో చేర్చమనే గడికి టిక్ పెట్టాను. ఆ టిక్ మర్చిపోవద్దు. అది లేకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొడితే అదెవరో నాకు తెలీదంటుంది.

తర్వాత పిప్‌తో పాండాస్ తెప్పించబోతే సర్టిఫికెట్ ఎర్రర్. దీనికి ఒక రోజు పట్టింది. కారణం వింటే నవ్వుతారు. మదర్‌బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ అయిపోయి, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతోంది. అప్పటికి ఆ సర్టిఫికెట్లు పుట్టనే లేదు మరి! తేదీ సరిచేస్తే పిప్ తనంతట తనే 3.8కి సరిపోయే పాత పాండాస్ 2.0.3ని ఏరుకుని దింపింది. వెర్షన్ నంబర్ మనం చెప్పక్కర్లేదు.

కోడ్ రాయడానికి వీఎస్ కోడ్ కూడా విండోస్ 7కి 1.70 దగ్గరే ఆగిపోయింది. 2 జీబీ ర్యామ్ మీద అది ఎందుకులెండి. పైథాన్‌తో పాటే వచ్చే ఐడిల్ చాలు. ఒక్క తేడా, కొత్త వీడియోల్లో చూపించే మ్యాచ్-కేస్ ఇందులో రాదు, అది 3.10లో వచ్చింది. ఇఫ్-ఎలిఫ్‌తో రాసుకోవడమే.

ఇంకో మాట. సెక్యూరిటీ అప్‌డేట్లు లేని లాప్‌టాప్ ఇది. బ్యాంకు, ఆధార్, స్కాలర్‌షిప్ లాగిన్లు దీంట్లో చెయ్యొద్దు. మేం నెట్ ఆపేసి ప్రోగ్రాములు మాత్రమే రాసుకుంటున్నాం.

ఎనిమిదో రోజు రాత్రి అయ్యకి ఫోన్ చేశా. "నడిచిందా ఆ పెట్టె?" అన్నాడు. నడిచిందన్నా. "ఏం చేస్తదది?" అన్నాడు. కిలో రేటు, బస్తాల లెక్క ఇస్తే మొత్తం ఎంతో చెప్తుందన్నా. "అయితే సంతకి తీసుకురా" అని నవ్వాడు.

ఇన్‌స్టాలరూ, ఆ అప్‌డేటూ నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. దగ్గర హాస్టళ్ళవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం రండి, వేసిస్తా. చార్జర్ మీదే తెచ్చుకోండి, మా రూమ్‌లో ఉన్నది ఒక్కటే ప్లగ్గు.