అర సెకను ఖరీదు

2022 వేసవిలో నాన్న మా దగ్గరికి, కాలిఫోర్నియాకి వచ్చారు. ఒకరోజు నా ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న కారు పేజీ ఆయన కంట్లో పడింది. పోర్షా 911 జీటీ3, ధర 1,61,100 డాలర్లు. వేళ్ళ మీద లెక్కేసి, "కోటీ పాతిక లక్షల పైమాటే" అన్నారు. కాసేపాగి, "ఏం చేస్తుందిరా అది?" అని అడిగారు.

పదేళ్ళుగా కార్ల రివ్యూలు చదువుతున్నవాణ్ణి. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర రెడీగా ఉందనే అనుకున్నాను. "సున్నా నుంచి అరవై మైళ్ళ స్పీడుకి 3.2 సెకన్లలో వెళ్తుంది నాన్నా" అన్నాను. ఆయన నావైపు ఎలా చూశారంటే, ఇంటర్లో మార్కులు చెప్పినప్పుడు కూడా అలా చూడలేదు.

సరే, ముందు ఆ లెక్కే చూద్దాం. ఈ తరం 911 అమెరికాకి వచ్చిన కొత్తలో మామూలు కరేరా 97,400 డాలర్లు. 379 హార్స్‌పవర్, అరవైకి 4 సెకన్లు. కరేరా ఎస్ 1,13,300 డాలర్లు, 443 హార్స్‌పవర్, 3.5 సెకన్లు. అంటే అర సెకను తగ్గించుకోడానికి దాదాపు 16 వేల డాలర్లు. టర్బో ఎస్ అయితే 2,03,500, 640 హార్స్‌పవర్, 2.6 సెకన్లు. కరేరా ఎస్ నుంచి అక్కడికెళ్ళాలంటే 0.9 సెకనుకి 90 వేలు. మొదటి మెట్టులో సెకనుకి 32 వేల లెక్కన కొన్న వేగం, రెండో మెట్టులో లక్షకి పోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇదేం కొత్త కాదు. పేజీ లోడయ్యే టైముని రెండు సెకన్ల నుంచి ఒక సెకనుకి తేవడం వారం పని. 200 మిల్లీ సెకన్ల నుంచి 150కి తేవడం ఏడాది ప్రాజెక్టు, ఇద్దరికి ప్రమోషన్.

పైగా మా ఊరి హైవే మీద పరిమితి 65 మైళ్ళు. జీటీ3ని రెండో గేరులో చివరిదాకా లాగితేనే అది దాటిపోతుంది. మిగతా గేర్లన్నీ పోలీసుల కోసమే.

కాబట్టి స్పీడుతో ఈ ధరని సమర్థించలేం. ఆ మాటకొస్తే టర్బో ఎస్ కంటే జీటీ3కి బలం తక్కువ (502 హార్స్‌పవర్), సిగ్నల్ దగ్గర వెనకబడుతుంది కూడా. మరి దీని మీద ఎందుకింత మోజు?

నాకది మాంటెరీ దగ్గర లగూనా సెకా ట్రాక్ మీద కొంచెం అర్థమైంది. మా ఆఫీసులో ఒకాయనకి జీటీ3 ఉంది. ట్రాక్ డేకి వెళ్తూ నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. అక్కడ కార్క్‌స్క్రూ అని ఒక మలుపు ఉంది. పైకి ఎక్కేదాకా ఎదురుగా ఆకాశమే. ఆ తర్వాత రోడ్డు ఎడమకీ కుడికీ తిరుగుతూ సుమారు 18 మీటర్లు కిందికి పడిపోతుంది. మొదటి ల్యాపులో కళ్ళు మూసుకున్నాను, దాచడమెందుకు. నాలుగో ల్యాపు నుంచి గమనించడం మొదలుపెట్టాను. ఆయన ప్రతిసారీ ఒకే చోట బ్రేకు తొక్కుతున్నాడు. పదో ల్యాపులో కూడా అదే చోటు. టైర్లు, బ్రేకులు, ఆయిలు అన్నీ కాగిపోయాక కూడా పెడలు అదే మాట చెబుతోంది. మా భాషలో చెప్పాలంటే అది సగటు కాదు, పీ99. వంద రిక్వెస్టుల్లో మిగతావి ఎలా ఉన్నా, ఆఖరి ఒక్కటి ఎలా వెళ్ళిందన్నది. రివ్యూల్లో అంకెలన్నీ మొదటి పరుగువి. డబ్బు పోసింది మాత్రం పదోదానికి.

9,000 ఆర్‌పీఎం దగ్గర ఆ ఇంజను చేసే చప్పుడు గురించి రాయను. రాసిన ప్రతివాడూ కవి అయిపోయాడు, చదవలేక చచ్చాను.

ఇంటికొచ్చి నాన్నకి ఇంకో జవాబు చెప్పాను. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీ ఇంజన్లు విప్పి బాగుచేశారు. నా ఇంజనీరింగ్ మూడో ఏడు ఫీజు కోసం ఉన్న రెండు లేతుల్లో ఒకటి అమ్మేశారు. మా ఇంట్లో ఆ మాట ఎవరం ఎత్తం. ఆ రోజు ఆయనకి చెప్పిందేమిటంటే, జీటీ3 ఇంజన్లో టాపెట్లు సర్దే హైడ్రాలిక్ ఏర్పాటు లేదు, అంత స్పీడు దగ్గర దాన్ని నమ్మలేమని తీసేశారు, ఫ్యాక్టరీలోనే షిమ్ములు పెట్టి గ్యాపు సెట్ చేస్తారు అని. నాన్న నిటారుగా కూర్చున్నారు. "ఫీలర్ గేజ్ పెట్టే కదా?" అన్నారు. తర్వాత గంటసేపు నేను వినడమే.

2014 కథ కూడా చెప్పాను. అంతకుముందు తరం జీటీ3లు రెండు తగలబడితే, కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులవుతోందని తేలింది. కంపెనీ ఓనర్లందర్నీ కారు తియ్యొద్దని చెప్పి, 785 కార్లకీ ఇంజన్లే మార్చేసింది. "బోల్టుకా?" అన్నారు నాన్న. కాసేపు ఆలోచించి, "బోల్టుకే" అన్నారు. ఎగతాళిగా కాదు.

నిజంగానే కొనే ఉద్దేశంతో ఒక డీలరు దగ్గరికి నాన్నతోనే వెళ్ళాను. ఇంటి డౌన్ పేమెంటు కోసం దాచిన డబ్బు కొంత, స్టాకు కొంత. నా భార్య వద్దనలేదు, సరేననీ అనలేదు. అతను నవ్వుతూ స్టికరు ధర మీద ఇంకో 75 వేలు అవుతుందన్నాడు. అదేమిటంటే లైను పెద్దదట. ఇలాంటి కార్లకిది మామూలే. 2016లో 911 ఆర్ అని 991 కార్లే చేస్తే, వాటిని అసలు ధరకి ఎన్నో రెట్లకి తిరిగి అమ్ముకున్నారు. అక్కడ కారు తోలేది ఎవరు? షేరు సర్టిఫికెట్టుకి చక్రాలుంటే అలా ఉంటుంది.

పార్కింగ్‌లో నాన్న అన్నారు: "పనోడికిస్తే ఇచ్చావు. ఈ మధ్యలోవాడికెందుకురా?"

నాకున్న గందరగోళం అంతా ఆ మాటలో విడిపోయింది. షిమ్ముకి, ఆరని బ్రేకుకి, మార్చేసిన 785 ఇంజన్లకి ధర కట్టడం నాకు తప్పనిపించదు, ఏడాదికి ఇరవైసార్లు ట్రాక్‌కి వెళ్ళేవాడికైతే. నేను ఏడాదికి రెండుసార్లు వెళ్తాను, అదీ సెలవు దొరికితే. నాకు మామూలు కరేరా కూడా ఎక్కువే. దాని ఆఖరి సగం నాకెప్పటికీ అవసరం రాదు.

మరుసటేడు పాత కేమన్ ఒకటి కొన్నాను. 2014 మోడల్, 2.7 లీటర్ల ఇంజను, 275 హార్స్‌పవర్. జీటీ3 ధరలో మూడో వంతు కూడా పడలేదు. మళ్ళీ వచ్చినప్పుడు నాన్న ముందు బానెట్ ఎత్తమన్నారు. ఎత్తితే డిక్కీ. వెనకది ఎత్తితే అక్కడా డిక్కీయే. ఇంజను మధ్యలో ఉంటుందనీ, పైనుంచి కనపడదనీ, ఆయిలు, కూలెంటు పోసే మూతలే చేతికందుతాయనీ చెప్పాను. ఆయన నమ్మలేదు. స్టార్ట్ చెయ్యమని, వెనక డిక్కీలోకి తల పెట్టి రెండు నిమిషాలు విన్నారు.

"టాపెట్లు కొడుతున్నాయిరా."

"కాదు నాన్నా, అది ఇంజెక్టర్ల చప్పుడు. వీటికి మామూలే."

"టాపెట్లే" అన్నారు, చేతులు తుడుచుకుంటూ.