కూలికైతే ఫోన్ కొడతరు, ట్రైనింగ్‌కైతే మెయిల్ పెడతరు

పోస్టు కొంచెం పెద్దది. ఈ ఏడాది డిగ్రీ, డిప్లొమా, ఐటీఐ అయిపోయేటోళ్లు మాత్రం తప్పకుండా చివరిదాకా చదవండి.

నేను ముత్తంగిలో హాస్టల్‌ల ఉంటున్న. పటాన్‌చెరు, పాశమైలారం దగ్గరే, ఎటు చూసినా ఫ్యాక్టరీలే. ఇక్కడికొచ్చినంక ఒకటి గమనించిన. లోడింగ్‌కో ప్యాకింగ్‌కో మనిషి కావాలంటే కాంట్రాక్టరు ఫోన్ కొట్టి, పొద్దుగాల గేటు కాడికి రమ్మంటడు. అప్రెంటిస్‌కో ట్రైనీకో పిలవాలంటే కంపెనీ మెయిల్ పెడతది. ఫోన్ ఎత్తుడు మనకు అలవాటే. మెయిల్ తెరుసుడే అలవాటు కాలే.

మా హాస్టల్‌ల ఒక అన్న ఉన్నడు, నారాయణఖేడ్ వైపు తండా. డిప్లొమా మంచి మార్కులతో పాసైండు. ఒక కంపెనీకి అప్లై చేసి ఫోన్ కోసం ఎదురుచూసిండు. పిలుపు మెయిల్‌ల వచ్చింది, పోయి స్పామ్‌ల పడ్డది. చూసేసరికి ఇంటర్వ్యూ అయిపోయి నాలుగు రోజులు. ఫోన్ చేసి అడిగితే "మేం పంపినం గదా" అన్నరు. ఇంకొన్నాళ్లు ఆగితే ఆ మెయిల్ కూడా కనబడకపోవు. జీమెయిల్‌ల స్పామ్‌ల పడ్డది 30 రోజులకు దానంతటదే డిలీట్ అయితది.

చదువుకున్న ఇంట్లో అయితే "మెయిల్ చూసినవారా?" అని అడిగేటోళ్లు ఉంటరు. మా ఇంట్లో కాలేజీకి పోయింది నేనే మొదలు. మీలో చానామందిది ఇదే పరిస్థితి. అందుకే ఆ అడిగే పనిని ఫిల్టర్‌కు అప్పజెప్పాలె. ఫిల్టర్ అంటే చాటలాంటిది. గింజ ఇటు, పొట్టు అటు. ఏది గింజో ఒక్కసారి మనం చెప్తే చాలు.

చిక్కు ఎక్కడంటే, ఫోన్‌ల ఉండే జీమెయిల్ యాప్‌ల ఫిల్టర్ తయారుచేసే వీలు లేదు. క్రోమ్‌ల తెరిచి, మూడు చుక్కలు నొక్కి, 'డెస్క్‌టాప్ సైట్' పెడితే ఒక్కోసారి వస్తది, ఒక్కోసారి రాదు. వచ్చినా అక్షరాలు చీమల్లెక్క ఉంటయి. దీనికి కంప్యూటరే కావాలె.

కంప్యూటర్ దొరికినా, పాతదైతే ఇంకో అడ్డం. నీలం రంగు 'ఈ' గుర్తున్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న ఆపేసింది. దాని జోలికి పోవద్దు. విండోస్ 7 ఉన్న కంప్యూటర్‌కు క్రోమ్ 109 తర్వాతి వెర్షన్లు రావు. ఇంతకుముందు పాత బ్రౌజర్ల కోసం జీమెయిల్‌ల 'బేసిక్ హెచ్‌టీఎంఎల్' అనే సాదా పేజీ ఉండేది. 2024లో అదీ తీసేసిన్రు. కాబట్టి పేజీ సగమే తెరుచుకుంటే అది మీ చేతగానితనం కాదు, బ్రౌజర్ పాతదని అర్థం. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ విండోస్ 7 మీద కూడా నడుస్తది, ల్యాబ్ సార్‌ను వేయించమని అడగండి. లేదంటే కొత్త కంప్యూటర్ ఉన్న నెట్ సెంటర్‌కు పోండి.

ఇక పని. పైన సెర్చ్ పెట్టెకు కుడిదిక్కు చిన్న గీతల గుర్తు ఉంటది, నొక్కండి. 'ఫ్రమ్' అన్నకాడ గవ్ డాట్ ఇన్, ఎన్‌ఐసీ డాట్ ఇన్ రాసి, రెంటి మధ్యల 'ఆర్' అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాలల్ల పెట్టండి. కింద 'క్రియేట్ ఫిల్టర్' నొక్కండి. తర్వాత 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్', 'స్టార్ ఇట్' రెంటికీ టిక్ పెట్టండి. 'అప్లై ద లేబుల్' దగ్గర 'ముఖ్యం' అని మీ సొంత పేరు ఇచ్చుకోవచ్చు. తెలుగుల రాసినా తీసుకుంటది. కంపెనీ నుంచి మొదటి మెయిల్ రాంగనే, దాన్ని తెరిచి మూడు చుక్కల్లో 'ఫిల్టర్ మెసేజెస్ లైక్ దీజ్' నొక్కితే ఆ కంపెనీకి కూడా ఇట్లనే చేయొచ్చు.

ఒక జాగ్రత్త. 'స్కాలర్‌షిప్', 'జాబ్' లాంటి మాటలతోని ఫిల్టర్ పెట్టకండి. దొంగ మెయిళ్లు వాడేది కూడా ఆ మాటలే, మనమే తలుపు తీసినట్టయితది. పంపినోళ్ల అడ్రస్ చూసే పెట్టండి. స్టార్ పడ్డా సరే, అడ్రస్ చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. మధ్యల ఉంటే నమ్మొద్దు. మెయిల్‌ల ఎవరు ఓటీపీ అడిగినా, పైసలు అడిగినా ఇయ్యొద్దు.

ఇంకొకటి. మనలో చానామంది మెయిల్ ఐడీ అడ్మిషన్ టైంల నెట్ సెంటర్ అన్న చేసిచ్చిందే. పాస్‌వర్డ్ ఆయనకు తెలుసు, రికవరీ నంబర్ కూడా ఆయనదే ఉండొచ్చు. ముందుగాల ఆ రెండూ మార్చుకోండి. బయటి కంప్యూటర్‌ల ఇన్‌కాగ్నిటో విండో తెరవండి, లాగిన్ కోసం మీ ఫోన్ దగ్గరుంచుకోండి, లేచేముందు సైన్ అవుట్ చేయండి.

సొంత కంప్యూటర్ లేదని మాత్రం ఆగకండి. ఫిల్టర్ ఉండేది మన ఖాతాలో, కంప్యూటర్‌లో కాదు. అరగంట ఎవరి కంప్యూటర్ మీదనో కూసుని పెట్టుకుంటే, తర్వాత మీ పాత ఫోన్‌ల కూడా అదే పనిచేస్తది. ఫోన్ మారినా ఉంటది.

ముత్తంగి, పటాన్‌చెరు, ఇస్నాపూర్ దిక్కు ఉన్నోళ్లు ఆదివారం రండి. ఆ అన్న, నేను కలిసి ఇప్పటికి మా హాస్టల్‌ల తొమ్మిదిమందికి పెట్టినం. మీది మీ చేతనే పెట్టిస్తం. ఎందుకంటే రేపు మీ తండాకు పోయినంక మీరే ఇంకొకరికి పెట్టియ్యాలె.