పిప్పి ఇచ్చేస్తే పొయ్యిలోకేం పెడతాం?

బెల్లం వండేవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

మాది అనకాపల్లి దగ్గర పల్లె. రెండెకరాల చెరకు, అందులో సగం కార్శి తోట. నిరుడు ఒకాయన వచ్చి మా పిప్పి కొంటానన్నాడు. అట్టలు చేసే కంపెనీకి పంపుతాడట. ఊరికే తగలబెట్టేదానికి డబ్బులొస్తున్నాయి కదా అని సగం కుప్ప లారీకెత్తించేశాను. మా ఇంటావిడ అప్పుడే అడిగింది, "మరి పొయ్యిలోకేం పెడతారు?" అని. నేను వినలేదు. చివరి వంటలకి సరుగుడు కట్టెలు కొనాల్సొచ్చింది. పిప్పి మీద వచ్చింది పోయి, చేతి డబ్బు కూడా పడింది.

ఈ ఏడు మా మేనల్లుడు, ఇంజినీరింగ్ కుర్రాడు, కాలేజీ పనికని రెండు గోనెల పిప్పి పట్టుకెళ్లాడు. నెల తర్వాత అరచేయంత అట్టలు రెండు తెచ్చాడు. "విరిచి చూడు మావయ్యా" అన్నాడు. మొదటిది విరిస్తే లోపలి పీచు దారం లాగినట్టు ఊడొచ్చేసింది. రెండోది అంత సులువుగా విరగలేదు. విరిగినచోట పీచు కూడా తెగింది గాని ఊడి రాలేదు.

తేడా ఏంటంటే, మొదటిది పిప్పిని అలాగే రెజిన్‌లో కలిపి నొక్కింది. రెండోదానికి ముందు బెండు జల్లెడ పట్టి తీసేశాడు, పీచుని పల్చటి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, ఎండబెట్టాడు. పీచు మీద మైనం లాంటి పూత ఉంటుంది. జిడ్డు తలుపు మీద రంగు నిలవనట్టే దాని మీద రెజిన్ పట్టదు. బెండైతే స్పాంజిలా రెజిన్ పీల్చేస్తుంది గాని బలం ఇవ్వదు. మన తాతలు మట్టిగోడకి వరిగడ్డి కలిపి తొక్కించారే, కాంపోజిట్ అంటే అదే. మట్టి బదులు రెజిన్, గడ్డి బదులు పీచు.

ఇదేమీ నిన్నటి మాట కాదు. అమెరికాలో లూసియానాలో 1920లలోనే చెరకు పిప్పితో ఇళ్ల గోడల అట్టలు చేశారు.

అలాగని గాల్లో మేడలు కట్టకండి. ఆ రెండో ముక్కని నేను రాత్రంతా తొట్టిలో పడేశాను. పొద్దుటికి అంచులు ఉబ్బాయి. లోపలి గోడకి, సీలింగుకి, తలుపు పలకకి పనికొస్తుందేమో గాని వాన తగిలేచోట కాదు. పీచు మన పొలందే అయినా రెజిన్ పెట్రోలు సరుకే, అది మట్టిలో కలవదని కూడా వాడే చెప్పాడు. తడి పిప్పి కుప్పేస్తే లోపల వేడెక్కి, పులిసి, పీచు చచ్చుబడిపోతుంది. మంచి ధర రావాలంటే ఎండిన పిప్పే ఇవ్వాలి. పొయ్యి అడిగేది కూడా ఎండిందే. అక్కడే వస్తుంది చిక్కు.

పిప్పిని అందరూ వ్యర్థం అంటారు. మనకది వంటచెరకు. టన్ను చెరకు ఆడితే సుమారు మూడో వంతు తడి పిప్పి వస్తుంది. అది ఎండి సగానికి పడిపోతుంది. మా పాత పొయ్యి దాన్నంతా తినేస్తుంది.

తమిళనాడులో కరూరు జిల్లాలో ప్రభుత్వం పెట్టిన కాగితం మిల్లు ఉంది, టీఎన్‌పీఎల్ అంటారు. పిప్పితో కాగితం చేస్తారు. చక్కెర మిల్లులు కూడా మనలాగే పిప్పి కాల్చే బతుకుతాయి కదా, మరి ఎలా ఇస్తున్నాయి అంటే, పిప్పికి బదులు వాటికి ఆవిరో, బొగ్గో ఈ మిల్లు సమకూరుస్తుంది. పీచు కాగితానికి, తీసేసిన బెండు బాయిలర్‌కి.

ఇది తెలిశాక నాకు నా తప్పు అర్థమైంది. నేను గోనెకెంత అని అడిగాను. దాని బదులు పొయ్యికేం ఇస్తావని అడగాల్సింది.

మొన్న ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి సరుగుడు కట్టెల ధర కాగితం మీద రాసి చూపించాను. బెండు జల్లించుకుని నాకే వదిలెయ్, పీచు పట్టుకెళ్లు, తగ్గిన మంటకి సరిపడా కట్టెలు ముందు దింపు అన్నాను. పైవాళ్లని అడిగి చెబుతానని వెళ్లాడు. పది రోజులైంది, ఫోన్ లేదు. పిప్పి కళ్లంలోనే ఎండుతోంది. ఎల్లుండి నుంచి వంట మొదలెడుతున్నాం.