ముప్పై రెండు అక్షరాలు

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో మొదట అటక దిగేది ట్రంకుపెట్టె. ఆ సంగతి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. తీసుకెళ్ళేవి ఒక కుప్ప, పక్కింటివాళ్ళకు ఇచ్చేవి ఒక కుప్ప, పాతసామాన్లవాడికి వేసేవి ఒక కుప్ప. ఈ మూడు కుప్పల విద్య మనందరికీ వచ్చు. ఆ మూడో కుప్పలోంచి ఒక వస్తువును మేము ఎలా వెనక్కి తెచ్చుకున్నామో చెబుతాం. మేము అంటే తెలుగు చదివే ఆరుగురు పిల్లలూ, వాళ్ళ మాస్టారూ.

బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్ పాతిక కిలోమీటర్లు. ఒకప్పుడు కలచురి రాజుల రాజధాని. మహామాయ గుడి, పాత కోట, ఎటు చూసినా చెరువులు. కిందటి వానాకాలంలో ఒక ఆదివారం కోట చూసి, తిరిగి వస్తూ మాకు తెలిసిన ఒక తాతగారి ఇంటికి వెళ్ళాం. ఆయనది శ్రీకాకుళం జిల్లా. రైల్వే సిగ్నల్ విభాగంలో పలాస మొదలు బిలాస్‌పూర్ దాకా తిరిగారు. చివరికి రతన్‌పూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. మేము వెళ్ళేసరికి వాకిట్లో మూడు కుప్పలు సిద్ధంగా ఉన్నాయి.

మూడో కుప్ప మీద ఒక అట్టపెట్టె. అందులో నల్లటి చదరపు అట్టలు ఐదు. "సార్, ఇవేంటి?" అన్నాడు ఏడో తరగతి పిల్లాడు. మిగతావాళ్ళకూ తెలియదు. కంప్యూటరులో సేవ్ చెయ్యడానికి నొక్కే బొమ్మ ఉంది కదా, అది ఫ్లాపీ బొమ్మే. కాకపోతే బొమ్మలోది 3.5 అంగుళాల గట్టి ఫ్లాపీ. మాకు దొరికినవి దానికంటే పాతవి, 5.25 అంగుళాల మెత్తటివి. ఒకదాని మీద నీలం సిరాతో "అక్షరాలు, 1988, చెరపవద్దు" అని రాసి ఉంది.

"మావోడివి. బళ్ళో కంప్యూటర్లు వచ్చిన కొత్తలో చేసుకున్నాడు. ఇప్పుడివేటి చేసుకుంటారు మాస్టారూ?" అన్నారు తాతగారు. చూసి ఇస్తాం అన్నాం. "దసరా వెళ్ళాక బయల్దేరతాను. అప్పటిలోగా ఇచ్చీండి" అన్నారు.

1984లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో కంప్యూటరు నేర్పడానికి 'క్లాస్' అనే పథకం పెట్టింది. దానికి ఎంచుకున్న యంత్రం ఇంగ్లండులో రూపొందిన బీబీసీ మైక్రో. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. మీ అమ్మ ఫోనులో ఒక్క ఫొటోకి కూడా అది చాలదు. తాతగారి అబ్బాయి చదివిన బడికి ఆ యంత్రమూ, ఫ్లాపీ డ్రైవూ వచ్చాయట.

ఫ్లాపీ లోపల పల్చటి ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. దాని మీద ఇనుప ఆక్సైడు పూత. ఆ పూతలోని అయస్కాంతపు గుర్తులే రాత. ఆ యంత్రంలో ఒక ఫ్లాపీని ఒకవైపు 40 వలయాలుగా, వలయానికి 10 గదులుగా, గదికి 256 బైట్లుగా పంచుకునేవారు. మొత్తం 400 గదులు, 100 కిలోబైట్లు.

మాకు తొందరెక్కువ. దొరికిన డ్రైవులో వెంటనే పెట్టేద్దాం అన్నారు పిల్లలు. అలా పెట్టి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. బిళ్ళను వేలితో మెల్లగా తిప్పుతూ కిటికీలోంచి చూస్తే తెల్లటి మచ్చలు కనిపించాయి. బూజు! చెరువుల ఊళ్ళో అన్ని వానాకాలాలు గడిపిన పెట్టె మరి. బూజుతో తిప్పితే చదివే తల దాన్ని గీకుతుంది, పూత లేచిపోతుంది, దానితోపాటు రాత కూడా పోతుంది.

అందుకని ముందు పక్కనున్న గాడికి కాగితం అంటించాం. ఈ రకం ఫ్లాపీకి గాడి మూస్తే దాని మీద ఇంకేమీ రాయడానికి వీలుపడదు. తర్వాత తొడుగు అంచు ఒకవైపు కోసి, బిళ్ళను బయటికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన మెత్తటి గుడ్డతో ఒత్తకుండా తుడిచాం. నీడలో ఆరబెట్టాం. ఖాళీ ఫ్లాపీ ఒకదాని తొడుగు శుభ్రంగా ఉంటే బిళ్ళను అందులోకి మార్చాం. డ్రైవు బుధవారీ బజారు వైపు ఒక రిపేరు దుకాణంలో దొరికింది. దాన్ని ఇప్పటి కంప్యూటరుకు కలపడానికి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న సర్క్యూట్ బోర్డు తెప్పించాం. అది ఫైళ్ళను వెతకదు. బిళ్ళ మీది అయస్కాంతపు మార్పులను ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసుకుంటుంది. తర్వాత తీరిగ్గా అర్థం చేసుకోవచ్చు.

మొదటిసారి 400 గదుల్లో 352 వచ్చాయి. మళ్ళీ తుడిచి చదివిస్తే 398. మిగిలిన రెండూ ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు. ఒకటి ఖాళీ చోటులోది. రెండోది 'అక్షర' అనే ప్రోగ్రాము నడుమ ఉంది. ఆ ప్రోగ్రామును బీబీసీ మైక్రోలా నటించే బీబెమ్‌లో నడిపిస్తే 'బ్యాడ్ ప్రోగ్రాం' అని ఆగిపోయింది. బాగున్న వరసలన్నీ విడిగా ఎత్తి రాసుకున్నాం. అప్పుడు తెలిసింది ఆ అబ్బాయి ఏం చేశాడో.

ఆ యంత్రానికి ఇంగ్లీషు తప్ప మరో లిపి రాదు. యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికింది 1991లో. ఇది అంతకు మూడేళ్ళ ముందు మాట. అయితే ఆ యంత్రంలో 224 నుంచి 255 దాకా 32 అంకెలకు మనకు నచ్చిన బొమ్మ ఇచ్చుకోవచ్చు. ఒక్కో బొమ్మకు ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది గళ్ళు. గళ్ళ విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. నింపిన గళ్ళ విలువలు కూడితే వరసకు ఒక సంఖ్య. ఎనిమిది సంఖ్యలిస్తే ఒక అక్షరం. గళ్ళ కాగితం మీద 'క్ర' వేసి చూడండి, తలప్రాణం తోకకొస్తుంది. అతను పై ఐదు వరసల్లో అక్షరం, కింది మూడు వరసల్లో వత్తు ఇరికించాడు. 'ల్తే' అయితే నలిగిన చీమలా ఉంది. అయినా చదవగలిగాం.

మన అక్షరాలు 56. గుణింతాలూ వత్తులూ కలిస్తే లెక్కే లేదు. అతనికి దొరికింది 32 గళ్ళు. తనకు కావలసినవే చేసుకున్నాడు. తెర మీద ఒక్కో వరసా వచ్చింది: పలాస. విజయనగరం. వాల్తేరు. ఖరగ్‌పూర్. టాటా. చక్రధర్‌పూర్. బిలాస్‌పూర్. రతన్‌పూర్. అన్నీ వాళ్ళ నాన్న పనిచేసిన, వాళ్ళు కాపురమున్న ఊళ్ళు. మాలో ఒకమ్మాయి "సార్, మా లిస్టు కూడా ఇంతే ఉంటుంది" అంది.

ఆ తర్వాత మూడు వరసలు చిరిగిపోయాయి. చదవని గదితోపాటు చివరి ఆరు అక్షరాల బొమ్మలు పోయాయి. వాటి సంఖ్యలు మాత్రం మిగిలాయి. మొదటి వరస 'అ', తర్వాత 250. రెండోది 251, 252. మూడోది 253, ఒక ఖాళీ, 254, 255.

ఇక పిల్లలకు పండగే. మొదటిది అమ్మ అన్నారు, అక్క కూడా కావచ్చన్నారు. రెండోది తాత కాదు, ఎందుకంటే రతన్‌పూర్‌లో 'త' ముందే ఉంది, దాన్నే వాడుకునేవాడు. కనుక నాన్న. మూడోది "మా ఊరు" అని నలుగురు ఒకేసారి అరిచారు. అయితే వాల్తేరులో 'రు' ఉంది, దాని సంఖ్య 235. ఊరు అయితే అది వచ్చి ఉండాలి. ఊరు కాదు. మరి మా బడి? మా చెల్లి? మా ఇల్లు? ఈ మూడూ సరిపోయాయి. వారం రోజులు వాదించుకున్నాం.

రతన్‌పూర్‌లోనే దొరికిన జాజల్లదేవుని శిలాశాసనం 1114 నాటిది. తొమ్మిది వందల ఏళ్ళ రాతను లిపి తెలిసినవారు ఇవాళా చదువుతున్నారు. ఇంగ్లండులో 1086లో తోలు మీద రాసిన డూమ్స్‌డే పుస్తకమూ అంతే. దాని తొమ్మిది వందల ఏళ్ళ పండగకని 1986లో బీబీసీవారు వేలాది బడిపిల్లల చేత తమ ఊళ్ళ గురించి రాయించి, బీబీసీ కంప్యూటరుకు కలిపే లేజర్ డిస్కుల్లో దాచారు. పదిహేనేళ్ళకే వాటిని చదివే యంత్రాలు దొరకడం కష్టమైంది. పరిశోధకులు పూనుకుని కాపాడాల్సి వచ్చింది. రాయి తనంతట తాను ఆగుతుంది. ఫ్లాపీని ఎవరో ఒకరు పట్టించుకోవాలి.

దసరా ముందు తాతగారి ఇంటికి వెళ్ళి, తెర మీద ఉన్నది ఆయన కొడుక్కి వీడియో ఫోనులో చూపించాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మ, నాన్న, మా ఇల్లు. అప్పుడు ఆ ఇంటికి పునాదులు తీస్తున్నారు. 'ల్లు' వేసేసరికి 32 అయిపోయాయి" అన్నారు. తాతగారు అప్పటికే సగం ఖాళీ అయిన గది వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు.

పోయిన ఆరు అక్షరాలు గుర్తున్నాయా అని అడిగాం. లేవన్నారు. "మీరే వెయ్యండి" అన్నారు. మాలో ఒక్కొక్కరూ ఒక్కో అక్షరం వేశారు. అయితే వాటిని మొదటి ప్రతిలో కలపలేదు. అందులో చిరుగు చిరుగుగానే ఉంది. మా అక్షరాలు వేరే ప్రతిలో, ఇవి మేము వేసినవని రాసి పెట్టాం. ఫ్లాపీ తాతగారి ట్రంకులోకి, అంటే మొదటి కుప్పలోకి వెళ్ళింది. ప్రతులు బడిలో ఒకటి, ఆ కొడుకు దగ్గర ఒకటి, మా ఆరుగురి ఇళ్ళలో తలా ఒకటి ఉన్నాయి. ఒక్కచోటే ఉన్నది ఒక్క వానాకాలానికి పోతుంది.

మాలో ఇద్దరికి ఈ మార్చిలో బదిలీ. వాళ్ళు వెళ్ళేలోగా అందరం గళ్ళ కాగితాలు తీసుకుని కూర్చున్నాం. మీరూ ప్రయత్నించండి. మీకు 32 గళ్ళే ఇస్తే ఏ ఊళ్ళు రాస్తారు, చివరి మూడు గళ్ళలో ఏం పెడతారు? మా వాళ్ళలో చాలామంది ఊళ్ళు గబగబా రాసేశారు. చివరి వరస దగ్గర మాత్రం పెన్సిళ్ళు ఆగాయి.